నడుస్తూ తేల్చుకునే భాషలకు మా దుబాసీ గారు

1988వ సంవత్సరం జూలై నాలుగో తేదీ, సోమవారం ఉదయం, మన సంస్థ పాత భవనం రెండో అంతస్తులో, కిటికీ రెక్క ఎన్నడూ సరిగ్గా మూతపడని మూలగదిలో జూనియర్ ప్రోగ్రామరుగా చేరిన ఇరవై నాలుగేళ్ల యువతి, ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ జూన్ ముప్పయ్యో తేదీన ప్రధాన ఆర్కిటెక్టు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. "దుబాసీ గారి గది ఎక్కడ?" అని అడిగితే కాంటీన్‌లో గిన్నెలు కడిగే ఆవిడ కూడా తడిచేత్తోనే దారి చూపిస్తుంది. ఎగతాళిగా పుట్టిన ఆ మాట గౌరవవాచకంగా ఎలా స్థిరపడిందో తెలిసినవారు మన మధ్య క్రమంగా తగ్గిపోతున్నారు. తెలిసినంతవరకు అక్షరబద్ధం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ సంచికను సహోద్యోగులతో పాటు వారి కుటుంబసభ్యులు కూడా చదువుతారు గనుక, వృత్తికి సంబంధించిన మాటలు వాడక తప్పనిచోట వాటిని విడమరిచి చెప్పడమైనది.

చేరిన కొత్తలో ఆమెకు అప్పగించిన పని ఎవరూ ఏరికోరి తీసుకునేది కాదు. మనిషి రాసిన ఆజ్ఞలను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాధనాన్ని కంపైలరు అంటాం. రాసినదానిలో తప్పు కనిపిస్తే ఆ రోజుల్లో మన కంపైలరు తెరమీద ఒక సంఖ్యను పడేసి మౌనవ్రతం పట్టేది. ఆ సంఖ్యకు అర్థమేమిటో తెలియాలంటే లావుపాటి పుస్తకం తిరగేయాలి. పుస్తకం శాఖ మొత్తానికి ఒక్కటే, అదెప్పుడూ మరొకరి బల్లమీదే ఉండేది. ఆ మూడు వందల పన్నెండు సంఖ్యలకూ మూడు వందల పన్నెండు వాక్యాలు రాసిన ఓర్పు ఆమెది. తొలివిడతలో మర్యాద కొంత శ్రుతిమించిన మాట వాస్తవం. "పదిహేడో వరుసలో తమరు మూయడం మరిచిన కుండలీకరణాన్ని దయచేసి ఒక్కసారి పరిశీలించగలరు" అన్న వాక్యం చూసి ఒక సీనియరు ప్రోగ్రామరు కుర్చీలోంచి లేచి వచ్చారట.

"అమ్మాయ్, తప్పు చేసింది నేను కదా, మెషీను నాకు దండాలు పెడుతోందేంటి?"

రెండో విడతలో వాక్యాలు కురచనయ్యాయి, మర్యాద మాత్రం మిగిలింది. వాటిలో సగానికి పైగా ఈనాటికీ మన తెరలమీద కనిపిస్తూనే ఉన్నాయి.

తొంభయ్యో దశకం నడుమ మన సంస్థ తన భవిష్యత్తునంతా ఒడ్డి ఒక మహానిర్మాణానికి పూనుకుంది. ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఇంజను, భద్రత, ఉమ్మడి సామగ్రి అన్నీ ఒకేచోట అమర్చిన ఆ నిర్మాణాన్నే నేడు మనం "వేదిక" అని పిలుస్తున్నాం. అందులో అత్యంత కీలకమైన తనిఖీ విభాగం ఆమె చేతిలో రూపుదిద్దుకుంది. వేదికమీదికి వచ్చే ప్రతి వస్తువూ తాను సంఖ్యనో, తేదీనో, పేరునో ముందుగానే ప్రకటించుకోవాలి. ఇచ్చినమాట తప్పిన వస్తువుకు గుమ్మం దాటే అర్హత లేదు. ఈ కట్టుబాటు పుణ్యమా అని అంతకుముందు ప్రోగ్రాము నడిచేటప్పుడు బయటపడి పరువు తీసే పొరపాట్లలో ఎక్కువభాగం పుట్టకముందే తొలగిపోయాయి. బ్యాంకులు, ఆస్పత్రులు, రవాణా సంస్థలు ఒకదాని వెంట ఒకటి మన వేదికను ఆశ్రయించడానికి ఆ భరోసాయే కారణం. ఆ విషయంలో ఆమె పట్టుదల ఎంతటిదంటే, మందుల దుకాణం నడిపే భర్త దగ్గర విన్న పోలికను ఏ సమావేశంలోనైనా అలవోకగా వాడేవారు. "రకం తెలియని వస్తువుని నమ్మడమంటే, పేరు అంటించని సీసాలో మందు తాగడమే" అనేవారు. ఎదురు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

అటువంటి కఠిననియమాల అధిష్ఠాత్రి, ఏ నియమానికీ లొంగనట్లు కనిపించే భాషలకు మన వేదికమీద పీట వేయడమే ఆమె వృత్తిజీవితంలోని మహత్తర ఘట్టం. అది 2007వ సంవత్సరం చివర్లో, ఒక నది ఒడ్డున మొదలైంది.

నదిలో నీటిమట్టాలను కొలిచి, దిగువ ఊళ్లకు వరద సూచనలు పంపే కార్యాలయం అది. అన్ని కార్యాలయాలూ మన వేదికమీదికి మారాలని అప్పుడే ఉత్తర్వు వెలువడింది. మారేముందు అక్కడ ఏమున్నదో చూసి, మళ్లీ రాయవలసినవి ఏవో పట్టీ వేసుకురమ్మని ఆమెను పంపారు. తడిసిన రెయిన్‌కోట్లు వరుసగా వేలాడే పొడవాటి గది, గోడ పొడవునా నది పటం, పటంలో అరవై రెండు చోట్ల గుచ్చిన గుండుసూదులు, ఒక్కో సూదికీ ఒక్కో కొలతకేంద్రం. అక్కడ తొమ్మండుగురు ఉద్యోగులుండేవారు. వారిలో ఒక్కరూ ప్రోగ్రామర్లు కారు. భూగోళం చదివినవారు, గణితం చదివినవారు. కానీ పద్నాలుగేళ్లుగా ఒక చిన్న భాషలో తమకు కావలసిన ప్రోగ్రాములను తామే రాసుకుంటూ వచ్చారు. ఆ భాషలో ఏ వస్తువు ఏ రకమో ముందుగా ఎవరూ ప్రకటించరు. ప్రోగ్రాము నడుస్తుండగా, అవసరం వచ్చిన క్షణాన, అదే తేల్చుకుంటుంది. ఇటువంటివాటినే డైనమిక్ భాషలంటాం. దుబాసీ గారి తనిఖీ గుమ్మంలో అలాంటి ప్రోగ్రాము ఒక్క వరుస కూడా దాటలేదు.

ఆ కార్యాలయం పెద్ద, అందరూ నీళ్ల మాస్టారు అని పిలిచే ఒక బక్కపలుచని మనిషి, ఆమె పట్టీ అంతా ఓపిగ్గా విన్నారు.

"ఇవన్నీ మా వేదిక మీదికి రావాలంటే మొదట్నుంచీ మళ్లీ రాయాలండీ. రెండేళ్లు పడుతుంది" అన్నారు ఆమె.

"రెండేళ్లా? సరే మేడమ్. మరి ఆ రెండేళ్లూ వరద రావొద్దని నదికి మీరు చెప్తారా, మమ్మల్ని చెప్పమంటారా?"

ఆమె నవ్వలేదు, ఆయనా నవ్వలేదు. అంతలో ఎగువ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. కొట్టుకొచ్చిన దుంగ తగిలి అక్కడ నీటిమట్టం కొలిచే గేజి వంగిపోయిందట. మాస్టారు తెరముందు కూర్చుని, నడుస్తున్న ప్రోగ్రామును ఆపకుండానే, ఆ ఒక్క కేంద్రానికి సంబంధించిన లెక్కకట్టే పద్ధతిని మూడు వరుసల్లో మార్చేశారు. దిగువ కేంద్రాల అంకెలన్నీ కళ్లముందే సర్దుకున్నాయి.

"ఆపకుండానే మార్చేశారా?" అని అడిగారు ఆమె, తన వృత్తిలో అంతటి అపచారాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూడని మనిషిలా.

"ఆపితే ఎలా మేడమ్? నీళ్లు ఆగవుగా."

 ఇరవై ఏళ్లుగా తాను నమ్మినది తప్పు కాదని ఆమెకు తెలుసు. అది చాలదని మాత్రం ఆరోజే తెలిసింది. ముందుగా మాటిచ్చి నిలబెట్టుకునే పనులు కొన్ని. ముందుగా ఏమీ చెప్పలేక, క్షణక్షణం కనిపెట్టుకుని ఉండవలసిన పనులు మరికొన్ని. రెండో రకం పనిచేసే మనుషులను తన గుమ్మం బయటే నిలబెట్టానని ఆమె గ్రహించారు.

మరుసటి వారం సమావేశంలో ఆమె ప్రతిపాదన విని డైరెక్టరు గారు ఆశ్చర్యపోయారు. ఆ తొమ్మండుగురూ రాసుకున్నది ఒక్క వరుస కూడా మార్చనక్కర్లేకుండా, ఆ చిన్నభాష ఉన్నది ఉన్నట్టుగానే మన వేదికమీద నడవాలని ఆమె కోరారు. తనిఖీకి మారుపేరైన మనిషి నోట ఆ మాట రావడం ఆయనకు మింగుడుపడలేదు.

"చూడండి మేడమ్, మనకి కావాల్సింది ఇంజనీర్లు. దుబాసీలు కాదు."

గది ఘొల్లుమంది. నవ్వులు సద్దుమణిగేదాకా ఆమె ఆగారు.

"ఒకరి మాట ఒకరికి అర్థం కానప్పుడు, ముందు పిలిచేది దుబాసీనే కదా సార్?"

మర్నాటి ఉదయానికి ఎవరో కొంటె మనిషి ఆమె గది తలుపుమీద "దుబాసీ" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించాడు. ఆమె దాన్ని పీకలేదు. కింద తన చేత్తో "లోపలికి రావచ్చు" అని రాసి వెళ్లి పనిలో కూర్చున్నారు.

డైరెక్టరు గారు చివరికి అనుమతించారు. ఆరు నెలల గడువు, ఐదుగురు మనుషులు. వానలు మొదలయ్యేలోపు పూర్తికాకపోతే అంతా మళ్లీ రాయించడమే. అదే జరిగితే నది కార్యాలయంలో ఆ తొమ్మండుగురి అనుభవమూ అటకెక్కుతుంది.

మూడు నెలలు గడిచేసరికి చిన్నభాష మన వేదికమీద తప్పుల్లేకుండా నడిచింది. కానీ నత్తకు నడక నేర్పినట్టు నడిచింది. రెండు వస్తువులను కూడమంటే చాలు, నువ్వెవరు, నీకు కూడడం వచ్చా, వస్తే ఏ పద్ధతిలో వచ్చు అని ప్రతిసారీ మొదటినుంచి వాకబు చేయవలసి వచ్చేది. పాత యంత్రంమీద కంటే నలభై రెట్లు నెమ్మది. ఆరు గంటల ముందు అందవలసిన సూచన తయారు కావడానికే ఏడు గంటలు పట్టింది. ఐదుగురిలో ఇద్దరు తమను వేరే పనికి మార్చమని దరఖాస్తు పెట్టుకున్నారు.

ఇక్కడ ఆమె తల్లిగారిని స్మరించుకోవడం మన విధి. ఇరవై ఏడేళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆవిడ, కూతురి ఇంట్లోనే ఉండేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగిన సంభాషణను దుబాసీ గారు ఎన్నోసార్లు, దాదాపు అవే మాటలతో, మాకు చెప్పారు.

"ఏంటే, కంచం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తున్నావు?"

"ఏం లేదమ్మా. ఎవరు ఎవరో ప్రతిసారీ వెతుక్కోవాల్సి వస్తోంది. వెతుకులాటకే టైమంతా పోతోంది."

"ప్రతిసారీ ఎందుకు వెతకడం?"

"ముందుగా చెప్పరు కదమ్మా, ఎవరొస్తారో!"

"మాకు మాత్రం చెప్పేవాళ్లా? 'అమ్మా, ఆస్పత్రికి కలుపు' అనేవాళ్లు. నంబరెవడిక్కావాలి? ప్రతిసారీ డైరెక్టరీ తిరగేస్తూ కూచుంటే లైన్లో ఉన్నవాడి ప్రాణం పోయేది. మొదటిసారి వెతికేవాళ్లం, చీటీ మీద రాసి బోర్డుకి, ఆ ప్లగ్గు పక్కనే అంటించేవాళ్లం. రెండోసారి చెయ్యి దానంతటదే పోయేది."

"నంబరు మారితే?"

"మారితే చీటీ చింపెయ్యడమే, మళ్లీ డైరెక్టరీ. ఒక్కోసారి వీధి వీధికే మార్చేసేవాళ్లు, అప్పుడైతే... ముందు తిను, చల్లారిపోయింది."

కూతురు తినలేదు. ఎడమచేత్తో దినపత్రిక అంచుమీద గీతలు గీయడం మొదలుపెట్టారు. ఈ కిటుకు శాస్త్రగ్రంథాల్లో అంతకుముందే ఉన్నది, ఆమె చదివినదే. కానీ చదివింది చేతిలోకి రావడానికి ఆరోజు అమ్మ మాట కావలసివచ్చింది. ప్రోగ్రాములో ఎక్కడెక్కడ ఒక పని పిలుపు ఉన్నదో అక్కడక్కడ ఒక చిన్న చీటీ. పోయినసారి వచ్చిన వస్తువు ఏ రకం, దాన్ని ఎక్కడికి పంపాం అన్న రెండే రెండు ముక్కలు. ఈసారి వచ్చినదీ అదే రకమైతే నేరుగా పంపడం, కాకపోతేనే వాకబు.

ఆ చీటీల ఏర్పాటును నది కార్యాలయపు భాష ఒక్కదానికే అమర్చి ఉంటే పని మూడు వారాలు ముందే ముగిసేది. కానీ దాన్ని వేదిక అడుగున, ఏ భాషకైనా అందేలా, ఉమ్మడి పొరగా నిర్మించాలని ఆమె పట్టుబట్టారు. "గడువు నెత్తిమీద ఉంది, మిగతా భాషల సంగతి మనకెందుకు మేడమ్?" అని బృందంలో ఒకరు విసుక్కున్నారు. "ఒక్క పడవ కోసం తాడు కడితే ఆ పడవే ఆగుతుంది. రేవు కడదాం, ఏ పడవైనా ఆగుతుంది" అని ఆమె బదులిచ్చారు. మన సంస్థ ఆ తర్వాతి పదహారేళ్లూ అనుభవించిన ఖ్యాతికి ఆ ఒక్క నిర్ణయమే పునాది.

పొర పూర్తయింది. ఏడు గంటలు పట్టిన సూచన పదకొండు నిమిషాల్లో వచ్చింది. దరఖాస్తు పెట్టుకున్న ఇద్దరూ వాటిని ఉపసంహరించుకున్నారు. విడుదల సోమవారానికి ఖరారైంది, ప్రకటనలు వెళ్లాయి, నది కార్యాలయంలోని పాత యంత్రాలను అదేరోజు తీసివేయడానికి ఆదేశాలూ వెళ్లాయి.

గురువారం ఉదయం ఆమె చివరి పరీక్షకోసం నది కార్యాలయానికి వెళ్లారు. తొమ్మిదేళ్ల కిందటి ఒక పెద్ద వరద తాలూకు అంకెలను కొత్త వేదికమీద మళ్లీ మొదటినుంచి నడిపించి, నాటి రిజిస్టరుతో పోల్చి చూస్తున్నారు. ఆ వరదలో, ప్రోగ్రాము నడుస్తుండగానే, ఎగువ కేంద్రాలన్నిటికీ మూలమైన లెక్కపద్ధతిని అప్పటి ఉద్యోగులు మార్చారు. ఒక దిగువ కేంద్రం దగ్గర కొత్త అంకె పాత అంకెకంటే జానెడు తక్కువ చూపించింది.

నీళ్ల మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూశారు. "జానెడేగా మేడమ్. ఒక్కోసారి గేజిలోనే అంత తేడా ఉంటుంది."

"గేజి తప్పు గేజిది మాస్టారూ. ఇది నాది."

సాయంత్రానికి కారణం దొరికింది. వస్తువు తానుగా మారితే దాని చీటీ చిరుగుతోంది. ఆ వస్తువుకు మూలమైన వంశమే, అంటే అలాంటి వస్తువులన్నిటికీ ఉమ్మడి అయిన పద్ధతే, మారితే మాత్రం చీటీలన్నీ చెక్కుచెదరక, పాతదారినే చూపిస్తున్నాయి.

శుక్రవారం సమావేశంలో ఆమె నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. డైరెక్టరు గారు పెన్నుకు మూత పెట్టారు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఇప్పుడు ఈ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు సార్."

"విడుదల చేసేసి, తర్వాత నిదానంగా సరిచేసుకోవచ్చు కదా?"

"నంబరు మారితే చీటీ చింపాలని మా అమ్మ చెప్పింది. వీధంతా మారితే ఏం చెయ్యాలో కూడా చెప్పబోయింది. నేను సగమే విన్నాను సార్. తప్పు నాది. పాత మెషీన్లు తియ్యొద్దని మాత్రం చెప్పండి, మిగతాది మీ ఇష్టం."

విడుదల ఆరు వారాలు వాయిదా పడింది. పాత యంత్రాలు ఉన్నచోటనే ఉండిపోయాయి. దానితో పాటు బృంద నాయకత్వం ఆమె చేతినుంచి తప్పింది. ఆ ఏడాది రావలసిన పదోన్నతీ తప్పింది. నాయకత్వాన్ని ఆమెకంటే తొమ్మిదేళ్లు వెనుక చేరిన ఒక ఉద్యోగికి అప్పగించారు. ఆ ఉద్యోగే ఈ వ్యాసకర్త.

ఉత్తర్వు కాగితం చేతిలో పట్టుకుని ఆమె గది గుమ్మంలో నిలబడిన సంగతి అతడికి నిన్నటిలా గుర్తుంది. ఆమె తల ఎత్తి చూశారు.

"ఏంటి నాయనా, పెళ్లిచూపుల్లో పిల్లాడిలా నిలబడ్డావు? కుర్చీ మారింది గానీ బగ్గు మారలేదుగా. కూర్చో, చూద్దాం."

ఆమె ముఖంలో నొప్పి లేదని రాస్తే అది అబద్ధమవుతుంది. నొప్పి ఉంది, దాన్ని పనికి అడ్డు రానివ్వని నిబ్బరమూ ఉంది. ఆ తర్వాత పంతొమ్మిది రోజులు ఆమె తన బృందంలోనే ఒక సభ్యురాలిగా, తాను పనినేర్పిన మనిషి కింద, ఒక్క పొల్లుమాట లేకుండా పనిచేశారు. ప్రతి వంశానికీ ఎన్నోసారి మారిందో తెలిపే ఒక సంచికసంఖ్య ఇవ్వాలని, మూలం మారగానే ఆ సంఖ్య మారాలని, పాతసంఖ్య ఉన్న చీటీలన్నీ ఆ క్షణంలోనే చెల్లకుండా పోవాలని పరిష్కారం చెప్పింది ఆమే. నివేదికలో అది బృందం ఆలోచన అని రాయించిందీ ఆమే. ఆరోజు దిద్దలేకపోయిన ఆ వాక్యాన్ని ఇక్కడ దిద్దడమైనది.

మిగిలిన రోజులు పరీక్షలకు సరిపోయాయి. వాయిదా పడిన ఆరు వారాల్లో నాలుగో వారం నదికి నీళ్లొచ్చాయి. పాత యంత్రాలే సూచనలు పంపాయి. వరద మధ్యలో ఉద్యోగులు ఎగువ కేంద్రాలన్నిటి మూలపద్ధతినీ మార్చవలసి వచ్చింది. సరిగ్గా కొత్త వేదిక తప్పు చేసి ఉండే చోటు అదే. ఆ సూచనల ప్రకారం దిగువన ఒక పట్నంలో కరకట్టమీద ఇసుక బస్తాలు పేర్చారు. నీళ్లు బస్తాల పైవరుసకు నాలుగు వేళ్ల కింద ఆగాయి. సూచన జానెడు తక్కువగా వెళ్లి ఉంటే ఆ పైవరుసే ఉండేది కాదు.

నీళ్ల మాస్టారు ఆ సంగతి రెండు పేజీల నివేదికగా పంపారు. డైరెక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టమని ఎవరికీ ఇవ్వకుండా, తానే రెండంతస్తులు దిగివచ్చి ఆమె బల్లమీద ఉంచారు. తలుపుమీది కాగితం ఇంకా అలాగే ఉంది. ఆయన దానికేసి చూసి, "దుబాసీ గారూ, చదవండి" అన్నారట. అందరి ముందూ పుట్టిన మాటకు "గారు" చేరింది మాత్రం ఆ గదిలో, ఇద్దరే ఉన్నప్పుడు. అంతకుమించి క్షమాపణ ఆయన చెప్పలేదు, ఆమె ఆశించలేదు. తప్పిన పదోన్నతి నాలుగేళ్ల తర్వాత గానీ రాలేదు. అది ఆలస్యమేనని ఈ అభినందన సంచికలోనైనా ఒప్పుకోవడం సంస్థకు శోభ.

గడువు ముగిసేసరికి సరిదిద్దిన వేదిక నది కార్యాలయానికి చేరింది. తొమ్మండుగురూ తమ పద్నాలుగేళ్ల రాతను ఒక్క అక్షరం మార్చకుండా దానిమీదికి తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది రెండో భాష వచ్చింది, శాస్త్రవేత్తలు వాడేది. ఆ తర్వాత వెబ్‌పేజీలు రాసేవారి భాష, ప్రోగ్రాములను పరీక్షించేవారి భాష. నేటికి పదకొండు డైనమిక్ భాషలు మన వేదికమీద సొంత ఇంట్లో మసలుకున్నట్టు మసలుకుంటున్నాయి. అవి తమలో తాము మాట్లాడుకోవడమే కాక, ముందే మాటిచ్చే పాతభాషలతోనూ సరుకు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఇంతచేసినా ఆమె తన తనిఖీ విభాగాన్ని వదులుకోలేదు. "కావాల్సినవాళ్లకి తనిఖీ, అక్కర్లేనివాళ్లకి స్వేచ్ఛ. ఎవరి పని ఏంటో వాళ్లకి తెలుసు, మనకి తెలియాలంటే అడగాలి" అన్నది కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరుకూ ఆమె చెప్పిన మొదటి పాఠం. అరవైమందికి పైగా ఆ పాఠం విన్నారు.

ఆమె లోపాలు రాయకపోతే ఆమే ఈ వ్యాసాన్ని వెనక్కి పంపిస్తారు గనుక కొన్నైనా రాయాలి. ఇతరుల ప్రోగ్రాము తప్పని నేరుగా చెప్పలేక, "ఇది ఇలా ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు, కాస్త చెప్తారా?" అని అడిగి, ఎదుటివారిని గంటసేపు చెమటలు పట్టించేవారు. పనికిరాని వైర్లు పారేయనిచ్చేవారు కారు. కామా ఎక్కడ ఉండాలన్నదానిమీద పూర్తి పూట వాదించగలరు, వాదించారు కూడా.

2014లో తల్లిగారు కన్నుమూశారు. ఆ తర్వాత కొన్నాళ్లకు మన ప్రోగ్రాముల పాత ఫైళ్లను శుభ్రం చేస్తున్న ఒక ఇంజనీరు, ఉమ్మడి పొర ఫైలు మొదటి వరుస చూసి, ఇది అనవసరమేమో, తీసేయమంటారా అని అడిగాడు. ఆ వరుస 2008లో రాసినది: "ఈ పద్ధతి మాకు ఒక టెలిఫోను ఆపరేటరు నేర్పారు." తీయవద్దని ఈ వ్యాసకర్త చెప్పాడు. ఆ వరుస ఇంకా ఉంది, మన వేదిక నడిచే ప్రతి యంత్రంలోకీ దాని కింద రాసిన పని వెళ్తూనే ఉంది.

ఇటీవలి ముచ్చట ఒకటి. గత నెల మన కార్యాలయానికి ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఒక బడిలో లెక్కలు చెప్పే టీచరు, తన తరగతి పిల్లలు మాట్లాడే మాటలతోనే ఒక చిన్న డైనమిక్ భాష తయారుచేసుకున్నారట. రెండేళ్లుగా అది మన వేదికమీద నడుస్తోందట. ఇప్పుడు పై తరగతి పిల్లలకు కూడా నేర్పాలనుకుంటున్నామని, ఒక చిన్న సందేహం తీర్చమని రాశారు. ఆ భాష సంగతి మన శాఖలో ఎవరికీ తెలియదు. ఎవరూ సాయం చేయలేదు, ఎవరి అనుమతీ వారు కోరలేదు. ఉత్తరం చదివి వినిపించిన ఇంజనీరు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు అన్నాడు, "ఒక్కమాటైనా మనల్ని అడగలేదు మేడమ్."

దుబాసీ గారు ఉత్తరం తీసుకుని తానే మరోసారి చదువుకున్నారు. ముప్పై ఆరేళ్లలో ఆమె కళ్లలో అంతటి వెలుగు చూసినవాళ్లం తక్కువమందిమి.

"అడక్కుండా వచ్చి కూర్చున్నారంటే, అది వాళ్ల ఇల్లయిపోయిందన్నమాట. ఇంకేం కావాలయ్యా మనకి?" అన్నారు. ఆ సందేహానికి జవాబు తానే రాసి పంపారు.

ఈ నెలాఖరున ఆమె బల్ల ఖాళీ అవుతుంది. వదిలిపెడుతున్న పనిని ఎవరికి ఏది అప్పగించాలో ఇప్పటికే తేల్చేశారు. ఫిజియోథెరపిస్టు అయిన కుమార్తె మాత్రం తల్లికి అప్పగించవలసిన పనిని మొన్ననే మా అందరి ఎదుటా ప్రకటించింది: "అమ్మ ముప్పై ఆరేళ్లు ప్రోగ్రాముల్ని నడిపించింది. ఇక తను నడవాలి. రోజుకి గంట, సాకులు చెల్లవు." పక్కనే ఉన్న భర్తగారు, ఆ గంటా దుకాణం మూసి తోడు వస్తానని మాటిచ్చారు.

మన దుబాసీ గారి మోకాళ్లు ఆ నడకకు మొరాయించకుండా, కళ్లు కొత్తవి చూడటంలో అలసిపోకుండా, చెవులు ఎవరి మాటనూ సగంలో వదలకుండా, మనుమల మనుమలకు కూడా ఆమె వెంట పరుగెత్తితేగానీ అందనంత ఆరోగ్యంతో, నిండు నూరేళ్లూ ఆ దంపతుల నడక జంటగా సాగాలని, దారిలో ఏనాడైనా ఈ గుమ్మం కనిపిస్తే అడగకుండానే లోపలికి రావాలని, ఆమె దగ్గర పని నేర్చుకున్నవారందరి తరఫున మనసారా కోరుకుంటున్నాం.